కలివి కోడినీ ఆక్సోలాటల్‌నూ పోల్చే చార్టు ఎట్లా కట్టాలంటే

చిరంజీవి పాపకు, మామ ఆశీస్సులు.

తొమ్మిదో తరగతి పిల్లలతో సైన్స్ ఫెయిర్‌కు ఒక పిట్టనూ, అంతరించిపోయే దశలో ఉన్న ఒక సాలమాండర్‌నూ (కప్పల వర్గంలోనిదే, తోక ఉన్న జీవి) పోల్చే ప్రాజెక్టు చేయిస్తున్నానని రాశావు. ఏ జంటను తీసుకోవాలో, చార్టు ఎట్లా కట్టాలో, జడ్జీలు ఎక్కడ పట్టుకుంటారో చెప్పమన్నావు. అన్నీ వరసగా రాస్తున్నా. తీరిగ్గా చదువుకో. అన్నీ ఒకేసారి పిల్లల నెత్తిన పెట్టొద్దు.

ముందు జంట సంగతి. మీ బడి బద్వేలులో ఉంది, లంకమల మీకు పక్కనే. కాబట్టి పిట్ట కోసం వెతుక్కోనక్కర్లేదు, కలివి కోడినే తీసుకో. రోళ్లపాడు బట్టమేక పిట్టను తీసుకోమని కొందరు చెబుతారు. అది కూడా గొప్ప పిట్టే, కర్నూలు వైపు పిల్లలకైతే నేనూ అదే చెబుతా. కానీ బట్టమేక గుడ్లను పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రం రాజస్థాన్‌లో నడుస్తోంది. కలివి కోడికి ప్రపంచంలో ఎక్కడా పెంపకం లేదు. సాలమాండర్ పక్కన పెట్టినప్పుడు ఈ తేడా ఎంత పనికొస్తుందో కింద చెబుతా. సాలమాండర్ అంటావా, మన సీమలో ఒక్కటీ లేదు. మన దేశంలో ఉన్నవి డార్జిలింగ్, సిక్కిం, ఆ పైన ఈశాన్యపు కొండల్లో బతుకుతాయి. పోలికకు వాటికంటే బాగా నప్పేది మెక్సికో దేశపు ఆక్సోలాటల్. దాని మీద ఏళ్ల వారీగా లెక్కలున్నాయి, దాని ముఖం చూడగానే పిల్లలకు నచ్చుతుంది. పైగా ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే ఐయూసీఎన్ (ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంస్థ) ఎర్ర జాబితాలో రెండూ ఒకే మెట్టు మీద ఉన్నాయి. ఆ మెట్టు దిగితే ఇక ‘అడవిలో లేదు’ అని రాసుకోవడమే.

ఇప్పుడు అసలు మాట. పిల్లలను వాళ్ల మానాన వదిలేస్తే చార్టు మధ్యలో నిలువుగా గీత కొట్టి, ఎడమవైపు పిట్ట సంగతులు పది, కుడివైపు సాలమాండర్ సంగతులు పది రాస్తారు. పిట్టకు రెక్కలుంటాయి, దీనికి ఉండవు. అది ఊపిరితిత్తులతోనే గాలి పీల్చుకుంటుంది, ఇది తడి చర్మంతో కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది. ఇవన్నీ నిజమే. కానీ ఏ పిట్టను ఏ సాలమాండర్ పక్కన పెట్టినా ఇవే వాక్యాలు వస్తాయి. పోలిక అంటే రెండు జాబితాలు కాదు. ఒక ప్రశ్న తీసుకుని రెండింటినీ అడగాలి, రెండు జవాబులనూ ఒకే కొలతలో రాయాలి. కొలత కుదరకపోతే ఎందుకు కుదరలేదో రాయాలి. ఆ కుదరని చోటే మీ ప్రాజెక్టుకు ప్రాణం. నాలుగు ప్రశ్నలు చాలు: దేన్ని దేనిగా పొరబడతారు, బతకడానికి నేల ఎట్లా ఉండాలి, నీళ్ల వల్ల ఏమైంది, లెక్క ఎట్లా పెట్టారు.

పొరబాట్ల దగ్గర మొదలుపెడదాం. పేరులో కోడి ఉందని పిల్లలు దాన్ని కోళ్ల కుటుంబంలో వేసేస్తారు. కలివి కోడి తీతువుల వరుసకు చెందిన పిట్ట, శాస్త్రనామం రైనోప్టిలస్ బైటార్క్వేటస్. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. ముక్కు నుంచి తోక దాకా 27 సెంటీమీటర్లు. కలివి పొదల్లో తిరిగేది కాబట్టి మనవాళ్లు ఆ పేరు పెట్టుకున్నారు. ఇంటర్నెట్‌లో బొమ్మ తీసుకునేటప్పుడు రొమ్ము మీద చూడాలి. అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు ఉండాలి. కంటిపైన వెడల్పాటి తెల్లచార, గొంతు కింద ఇటుకరంగు మచ్చ ఉండాలి. రాత్రి తిరిగేది కాబట్టి కళ్లు పెద్దవి. పట్టీలు లేవంటే అది మన బీళ్లలో పట్టపగలు పరుగెత్తే ఇండియన్ కోర్సర్ అయి ఉంటుంది. చాలా చార్టుల్లో ఆ బొమ్మే అతికించేస్తారు. కంప్యూటర్ తయారుచేసిన బొమ్మలైతే అసలు వద్దు. వాటిలో పట్టీలు ఒకసారి ఒకటి, ఇంకోసారి మూడు వస్తాయి.

ఆక్సోలాటల్ దగ్గర పొరబాట్లు ఇంకా ఎక్కువ. కొందరు ‘నడిచే చేప’ అని రాస్తారు, కొందరు బల్లి అని రాస్తారు. రెండూ తప్పు. బల్లికి పొలుసులుంటాయి, అది పాముల వర్గం. ఇది కప్పల వర్గం, ఒంటి మీద పొలుసు ఉండదు, చర్మం తడిగా ఉంటుంది. మన పిల్లలకు సాలమాండర్ తెలియదు గానీ తోకకప్ప బాగా తెలుసు. వానాకాలం గుంటల్లో చూసే ఉంటారు. తోకకప్పకు మొదట మొప్పలుంటాయి, తర్వాత కాళ్లొస్తాయి, తోకా మొప్పలూ పోతాయి, కప్పై గట్టెక్కుతుంది. ఈ మార్పు నడిపేది థైరాయిడ్ హార్మోన్. ఆక్సోలాటల్‌కు కాళ్లొస్తాయి, ఏడాది ఏడాదిన్నరకు గుడ్లు పెట్టే వయసూ వస్తుంది, మొప్పలు మాత్రం పోవు. ఆ హార్మోన్ తన ఒంట్లో చాలినంత పనిచేయక, తల పక్కన మూడేసి కుచ్చుల మొప్పలతో బతుకంతా నీళ్లలోనే ఉండిపోతుంది. ప్రయోగశాలలో ఆ హార్మోన్ ఎక్కిస్తే మొప్పలు రాలి, గట్టు మీద తిరిగే సాలమాండర్‌గా మారుతుంది. ‘పెరగని తోకకప్ప’ అని రాయనివ్వొద్దు. అది పెరిగింది, పిల్లల్ని కన్నది, రూపం మాత్రం మార్చుకోలేదు. ‘పిల్లరూపంలోనే పెద్దదైన జీవి’ అని రాయించు.

రంగు సంగతి కూడా. బొమ్మల్లో కనపడే గులాబీ తెలుపు ఆక్సోలాటల్ ప్రయోగశాలల్లో, అక్వేరియంలలో పెంచినది. దాని సొంత కాలువల్లో ఉండేది ముదురు గోధుమ, నలుపు కలిసిన బురదరంగు. చార్టు మీద బురదరంగు బొమ్మ పెద్దదిగా, గులాబీ బొమ్మ చిన్నదిగా పెట్టి, కింద తేడా రాయండి. జడ్జీ తప్పకుండా అక్కడ ఆగుతాడు.

రెండో ప్రశ్న, నేల. ఇక్కడ ఎక్కువ సమయం పెట్టు. ‘పొదలున్న అడవిలో ఉంటుంది’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఎంత పొద, ఎంత ఖాళీ? లంకమల చుట్టూ పరిశోధకులు పొదలు లెక్కపెట్టి చూస్తే, రెండు మీటర్లకంటే ఎత్తైన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా, అంతకంటే పొట్టివి హెక్టారుకు వెయ్యిలోపు ఉన్న చోట్ల కలివి కోడి జాడ ఎక్కువగా దొరికింది. హెక్టారు అంటే పిల్లలకు అందదు. బడి ఆవరణలో పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు చదరం తాడుతో కట్టించు. అది హెక్టారులో నూరో వంతు. ఆ చదరంలో మూడు నుంచి ఏడుగురు పిల్లలను చేతులు చాపి నిలబెట్టు. వాళ్లు పెద్ద పొదలు. తొమ్మిదిమందిని మించకుండా కూర్చోబెట్టు, వాళ్లు చిన్న పొదలు. ఇప్పుడు ఇంకో పిల్లను మధ్యలో పరుగెత్తమను. దారి ఉంటుంది, దాక్కునే చోటూ ఉంటుంది. తర్వాత నిలబడేవాళ్లను పదిహేనుకు పెంచు. పరుగు ఆగిపోతుంది. తర్వాత ఒక్కరినే ఉంచు. పరుగు బాగా సాగుతుంది, కానీ దాక్కోవడానికి చోటు లేదు. ఆ పిట్ట బతుకు ఈ రెంటి నడుమనే ఉంది. రాత్రిపూట నేల మీద పరుగెత్తి చెదలు, చీమలు ఏరుకుని తినే జీవి అది. దానికి ఖాళీ నేల కావాలి, నీడా కావాలి. ఫోటోలు తీసి మూడింటినీ చార్టు మీద పక్కపక్కన అతికించండి. ఏ బొమ్మా ఇంత బాగా చెప్పలేదు.

దీనితో ఇంకో సంగతి కూడా విప్పి చెప్పొచ్చు. మేకలు, గొర్రెలు, కట్టెలు కొట్టేవాళ్లు పూర్తిగా ఆగిపోతే పిట్టకు మంచిదని పిల్లలు రాసేస్తారు. అంత సూటిగా లేదు లెక్క. మేత మరీ ఎక్కువైతే నేల బోడి అవుతుంది, అసలే లేకపోతే కంప కమ్ముకుని దారులు మూసుకుపోతాయి. కొంత మేత, కొంత నరుకుడు ఉన్న చోటే ఆ మధ్యస్థపు పొదలు నిలుస్తాయి. గొర్రెలు కాసే ఇంటి పిల్లలు నీ తరగతిలో ఉంటారు కదా, ఈ ముక్క వాళ్లతోనే చెప్పించు.

ఇదే ప్రశ్న ఆక్సోలాటల్‌ను అడిగితే జవాబు నీళ్లలో ఉంటుంది. మెక్సికో నగరపు దక్షిణ అంచున సోచిమిల్కో అనే చోట పాత సరస్సులో మిగిలిన కాలువలే దాని ఊరు. చాల్కో అనే ఇంకో సరస్సు కూడా ఉండేది, దాన్ని ఎండగట్టేశారు. ఆ కాలువల మధ్య రైతులు బురద ఎత్తి పోసి కట్టుకున్న మడులున్నాయి, వాటిని చినాంపాలు అంటారు. కూరగాయలు, పూలు పండిస్తారు. ఊరు సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైన ఉంది కాబట్టి నీళ్లు చల్లగా ఉంటాయి. ఆక్సోలాటల్‌కు 16 నుంచి 18 డిగ్రీలు హాయి, 24 దాటితే తట్టుకోలేదు. నీటిమొక్కలకు అంటించి ఒక్కసారికి వందల గుడ్లు పెడుతుంది, వెయ్యి దాకా కూడా. ఆ మొక్కలు ఉండాలి, నీళ్లు తేటగా ఉండాలి, గుడ్లు తినే చేప ఉండకూడదు. ఇవీ దాని షరతులు.

మూడో ప్రశ్న నీళ్లు. ఇదే ఈ ప్రాజెక్టుకు నడుము. రెండింటి దగ్గరా పిల్లలు ‘ఆవాసం నాశనమైంది’ అని ఒకే మాట రాసి పోతారు. ఆ ఒక్క మాట కింద రెండు ఎదురెదురు సంగతులు దాక్కున్నాయి. ఆక్సోలాటల్‌కు ఉన్న నీళ్లు పోయాయి. సరస్సు ఎండింది, మిగిలిన కాలువల్లోకి నగరపు మురుగు వచ్చింది. చేపల పెంపకం కోసం తెచ్చి వదిలిన తిలాపియా, కార్పు చేపలు గుడ్లనూ పిల్లలనూ తినేశాయి, వాటి మేతా తినేశాయి. మన కలివి కోడికి లేని నీళ్లు వచ్చాయి. కాలువ వచ్చిన చోట బీడు చేనైంది, బోరు పడిన చోట కంప కొట్టి నిమ్మ, చీనీ తోటలు వేశారు. పొదల నేల తగ్గింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పిట్ట తిరిగే నేల దాకా వచ్చింది. అభ్యంతరాలు రావడంతో కాలువ దారి మార్చారు.

ఈ భాగం రాయించేటప్పుడు జాగ్రత్త. కాలువను దుష్టపాత్ర చేయనివ్వొద్దు. మన సీమలో నీళ్లు వద్దు అనే మాట ఎవరి నోటా రాకూడదు. కాలువ దారి మారింది, నీళ్లూ ఆగలేదు. ఆ వాక్యం చార్టు మీద ఉండాలి. నీళ్లు రావడమా, పిట్ట బతకడమా అని రెంటిని తక్కెట్లో పెట్టి తూచడం కాదు, గీత ఎక్కడ గీయాలి అన్నదే ప్రశ్న అని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. మెక్సికోలోనూ అదే పని వేరేగా చేస్తున్నారు. చినాంపా రైతుల కాలువలకు రెండు చివరలా జల్లెడలాంటి అడ్డు పెట్టి, చేపలు రాకుండా, నీరు కొంత వడకట్టుకుని వచ్చేట్టు చేసి, ఆక్సోలాటల్‌కు ఆశ్రయాలు కట్టారు. అక్కడ రైతును పంపించేయలేదు. రైతు మడి ఉంటేనే కాలువ ఉంటుంది.

నాలుగోది లెక్క. లెక్కల సారును పిలుచుకో. సోచిమిల్కోలో వలలు విసిరి లెక్కపెడితే 1998లో చదరపు కిలోమీటరుకు దాదాపు 6,000 ఆక్సోలాటల్‌లు. 2003లో 1,000. 2008లో 100. 2014లో 35. ఈ నాలుగు అంకెలను పట్టికలో రాస్తే కన్ను జారిపోతుంది. రంగు కాగితం పట్టీలు కత్తిరించండి, వందకు ఒక సెంటీమీటరు చొప్పున. మొదటిది 60 సెంటీమీటర్లు, రెండోది 10, మూడోది ఒక్క సెంటీమీటరు, నాలుగోది మూడున్నర మిల్లీమీటర్లు. మామూలు చార్టు పొడవు 28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల పట్టీ దాని మీద నిలువునా సరిపోతుంది. నాలుగోదాన్ని కత్తెరతో కత్తిరించడమే కష్టం, వేలికి అంటుకుని పోతుంది. జిగురు ముందు చార్టు మీద రాసి, పట్టీని సూది మొనతో ఎత్తి పెట్టమను. పట్టీల వెడల్పు మాత్రం నాలుగింటికీ ఒకటే ఉండాలి. వెడల్పు కూడా తగ్గిస్తే వైశాల్యం మారి, కంటికి అబద్ధం చెప్పినట్టవుతుంది. చాలామంది చేసే తప్పు ఇదే.

అదే లెక్కను మన సెంట్లు, ఎకరాల్లోకి తిప్పించు. 6,000 ఉన్నప్పుడు దాదాపు నాలుగు సెంట్ల నీటికి ఒక ఆక్సోలాటల్. 35 ఉన్నప్పుడు ఏడెకరాలకు ఒకటి. ఏడెకరాల నీళ్లలో ఒంటరిగా ఉన్నదానికి ఇంకొకటి ఎట్లా ఎదురవుతుంది? వందల గుడ్లు పెట్టే జీవి ఎందుకు తగ్గింది అని పిల్లలు అడుగుతారు. చేపల సంగతితో పాటు ఇదీ జవాబే.

కలివి కోడికి ఇట్లాంటి వరస అంకెలు లేవు. ఎర్ర జాబితాలో ఉన్నది ఒక అంచనా: పెరిగిన పిట్టలు 50 నుంచి 249 మధ్య. ఇది తలలు లెక్కపెట్టి చెప్పింది కాదు. ‘ఆక్సోలాటల్ 35, కలివి కోడి 249, కాబట్టి పిట్టే నయం’ అని ఎవరో ఒక పిల్లవాడు తప్పకుండా రాస్తాడు. 35 అనేది చదరపు కిలోమీటరుకు, 249 అనేది మొత్తం జాతికి. కిలో ధరను బస్తా ధరతో పోల్చినట్టు. అడవిలో మిగిలిన మొత్తం ఆక్సోలాటల్‌ల అంచనా 50 నుంచి 1,000 దాకా. పోల్చాలంటే దీన్ని దానితో పోల్చాలి. రెండూ అంచనాలే అని పక్కనే రాయాలి.

అంకెలు లేని పిట్టకు కాలరేఖ గీయించు, ఏడాదికి మూడు మిల్లీమీటర్ల చొప్పున. 1848లో ఇది శాస్త్ర గ్రంథాలకెక్కింది. అక్కడి నుంచి 15.6 సెంటీమీటర్లకు 1900: అనంతపురం వైపు పెన్న లోయలో కనపడినట్టు రాసి ఉన్న చివరి మాట. తర్వాత చాలా దూరం రేఖ ఖాళీ. 1986 జనవరిలో మీ జిల్లాలోనే, సిద్ధవటం ప్రాంతపు రెడ్డిపల్లె దగ్గర, స్థానిక వేటగాడు ఒకతను దాన్ని పట్టాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు అదే కలివి కోడి అని తేల్చారు. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, దాదాపు 464 చదరపు కిలోమీటర్లు. 2008 తర్వాత మళ్లీ చాలా ఏళ్లు గట్టి ఆధారం రాలేదు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు దాని పిలుపును రికార్డు చేశారు.

1900కూ 1986కూ మధ్య ఖాళీ 25.8 సెంటీమీటర్లు వస్తుంది. దాన్ని ఖాళీగానే వదిలి, అందులో 1900 నుంచి 5.1 సెంటీమీటర్ల దూరంలో ఒక చిన్న గుడ్డు బొమ్మ వేయించు. 1917లో కోలార్ బంగారు గనుల వైపు ఒక పశువైద్యుడు సేకరించిన గుడ్డు స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పడి ఉండింది. డీఎన్‌ఏ తీసి చూసి అది కలివి కోడి గుడ్డేనని 2013లో ప్రకటించారు. లోకమంతా పిట్ట పోయిందనుకుంటున్న ఏళ్లలో దాని గుడ్డు పెట్టెలో ఉంది. ‘కనపడలేదు’, ‘లేదు’ అనే రెండు మాటల మధ్య ఎంత దూరమో ఆ గుడ్డు బొమ్మ చూపిస్తుంది. పిట్ట తిరిగేది రాత్రిపూట, వెతికేవాళ్లు ఎక్కువగా పగలు వెతికారు. కనపడకపోవడానికి అదొక కారణం.

రాత్రి తిరిగే దాన్ని ఎట్లా పట్టుకున్నారో పిల్లలు చేతులతో చేసి చూడొచ్చు. పరిశోధకులు నేల మీద మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారి వాటి మీద అడుగులు చూసేవాళ్లు. మీ బడి వెనక గోడ పక్కన, కుక్కలు తక్కువగా తిరిగే చోట ఐదు మీటర్ల పొడవు, పాతిక సెంటీమీటర్ల వెడల్పు పట్టీ చేయించు. రాళ్లు, ఆకులు ఏరేసి, జల్లెడ పట్టిన మట్టి ఒక సెంటీమీటరు మందం పరవాలి. మామూలు బక్కెట్టు నిండా ఒకటి సరిపోతుంది. చదునైన చెక్కతో ఒక్కసారి లాగి నున్నగా చేయాలి. తడిమట్టి వేస్తే ఎండకు పెంకు కట్టి అడుగు పడదు, మరీ దుమ్మైతే గాలికి పోతుంది. సాయంత్రం సున్నితంగా చదును చేసి, పొద్దున ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే చూడాలి. తొమ్మిది దాటితే నీడలు పోయి అచ్చులు కనపడవు. కాకి, పావురం అడుగుకు వెనకవేలు స్పష్టంగా ఉంటుంది. కలివి కోడికి ముందు మూడు వేళ్లే, వెనకవేలు లేదు. తీతువుకు వెనకవేలు మరీ చిన్నది కాబట్టి అచ్చు పడదు. అందుకే అడుగు ఒక్కటే చూసి పేరు చెప్పలేక పరిశోధకులు దానంతట అదే ఫోటో తీసే కెమెరాలు కూడా పెట్టారు. బడి పట్టీ మీద కలివి కోడి పడుతుందని పిల్లలకు ఆశ పెట్టొద్దు. ఏ పిట్ట పడినా అదే పాఠం. ఒక వారం చూసి, ఏ రోజు ఏమి పడిందో పట్టిక వేస్తే చాలు.

పెంపకం సంగతి పైన ఆపాను. ఆక్సోలాటల్ ప్రయోగశాలల్లో, అక్వేరియంలలో లెక్కలేనన్ని ఉన్నాయి. తెగిన కాలు, తోక, వెన్నుపాము కూడా తిరిగి పెంచుకుంటుంది కాబట్టి శాస్త్రవేత్తలకు అంత మక్కువ. మనిషి జన్యురాశికి పదింతల పొడవున్న దాని జన్యురాశిని 2018లో చదివేశారు. మరి ప్రమాదం ఏముంది అని జడ్జీ అడిగితే పిల్లలు తడబడతారు. జవాబు సిద్ధం చేయించు: ప్రయోగశాలల్లో ఉన్నవాటిలో చాలా భాగం 1864లో పారిస్ చేరిన కొద్ది జంతువుల సంతతి, మధ్యలో టైగర్ సాలమాండర్ రక్తం కూడా కలిసింది. అవి దగ్గరి సంబంధాల్లో పుట్టినవి. గాజుపెట్టెలో వెయ్యి ఉన్నంత మాత్రాన కాలువలో ఒకటి ఉన్నట్టు కాదు. అయినా ఆశ లేకపోలేదు. పెంపకంలో పుట్టిన 18 ఆక్సోలాటల్‌లకు చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టి ఆశ్రయ కాలువలో, ఒక తయారుచేసిన చెరువులో వదిలితే, గమనించినన్ని రోజులూ అన్నీ బతికాయని 2025లో తేల్చారు. కలివి కోడికి ఈ దారి లేదు. ఒక్క పిట్టా పెంపకంలో లేదు. దాని నేల పోతే తిరిగి తెచ్చుకోవడానికి ఇంకోచోట దాచుకున్నది ఏదీ లేదు. బట్టమేకను మధ్యలో పెడితే మూడు మెట్లు కనపడతాయి, చోటుంటే చిన్నగా వేయండి.

చేయకూడనివి రెండు, ఇవి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఒకటి, పిల్లలను తీసుకుని రాత్రిపూట లంకమలలోకి పోవద్దు. అటవీశాఖ అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగుపెట్టడం నేరం, పైగా ఎర్రచందనం దొంగల కోసం అక్కడ రాత్రి కాపలా ఉంటుంది. ఆ పిట్ట పొద్దుగూకిన ముప్పావు గంటకు కాసేపు పిలుస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే పిలుపును ఫోన్‌లో పెట్టి వినిపిస్తే బదులిస్తుందని ఎవరైనా చెబితే ఆ పని అసలు చేయొద్దు. తన చోటులోకి ఇంకోటి వచ్చిందనుకుని పిట్ట మేత మాని, గుడ్ల మీద ఉంటే గుడ్లు వదిలి వస్తుంది. అది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో (ఎక్కువ రక్షణ ఉన్న జీవుల జాబితా) ఉన్న జీవి, దాన్ని ఇబ్బంది పెట్టడం చట్టరీత్యా తప్పు.

రెండోది, ఫెయిర్ కోసం ఆక్సోలాటల్‌ను కొనుక్కొస్తామని ఏ తండ్రైనా ముందుకొస్తే వద్దని చెప్పు. అది సైటిస్ (ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) జాబితాలో ఉన్న జీవి. 2022లో వన్యప్రాణి చట్టం సవరించాక అట్లాంటివి ఉంచుకోవాలంటే నమోదు చేయించుకోవాలి. చట్టం పక్కన పెట్టినా, బద్వేలు ఎండల్లో గాజుపెట్టె నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి. అది పిల్లల కళ్లముందే చచ్చిపోతుంది. మట్టితో బొమ్మ చేయించు. నిడివి 23 సెంటీమీటర్లు, కాళ్లు నాలుగు, ముందుకాళ్లకు నాలుగేసి వేళ్లు, వెనకకాళ్లకు ఐదేసి. మొప్పల కుచ్చులకు జనపనార బాగా కుదురుతుంది. దాని పక్కన 27 సెంటీమీటర్ల పిట్టను అట్టతో చేసి నిలబెడితే, రెండూ దాదాపు ఒకే పొడవని చూసేవాళ్లే కనిపెడతారు.

మిగిలినవి చిన్నవి. శాస్త్రనామాలు వాలు అక్షరాల్లో రాయించు. ఆక్సోలాటల్‌ది ఆంబిస్టోమా మెక్సికానమ్. ఒక్కో అంకె పక్కన ఏ ఏడాదిదో ఉండాలి, చార్టు మూలన మీరు రాసిన నెల కూడా వేయండి. ఇట్లాంటి జాతుల లెక్కలు ఏడాదికేడాది మారతాయి, మారినప్పుడు చార్టు పాతదని తెలియాలి. మాట్లాడే పిల్లలు ఇద్దరుంటే ఒకరికి పిట్ట, ఒకరికి సాలమాండర్ అని పంచొద్దు. ఒకరికి నేల, నీళ్ల ప్రశ్నలు, ఇంకొకరికి లెక్క, పొరబాట్ల ప్రశ్నలు ఇవ్వు. అప్పుడే ఇద్దరూ రెండు జీవుల గురించీ చెప్పగలరు.

మట్టి పట్టీ మీద మొదటి వారం ఏ అడుగులు పడినా ఫోటోలు తీసి నాకు పంపు. పైనుంచి నిటారుగా తీయాలి, పక్కన స్కేలు పెట్టడం మరచిపోవద్దు. స్కేలు లేని అడుగు ఏ పిట్టదో చెప్పలేను.

ఇట్లు,
మీ మామ,
ప్రొద్దుటూరు